తొమ్మిదో వార్డులో మాయామహలు

పాలంకిపేట పురపాలక సంఘం తొమ్మిదో వార్డులో ఉండవలసిన ఇళ్ళు పదహారు వందల నలభై. ఉన్నవి పద్నాలుగు వందల ఇరవై ఎనిమిది. తక్కిన రెండు వందల పన్నెండు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. అసలవి ఎన్నడూ లేవన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. కిందటేడు ఎవరో హుషారైన అధికారి పైకి పంపే నివేదికలో వార్డు బ్రహ్మాండంగా పెరిగినట్టు రాశాడు. రాసి, బదిలీ మీద హాయిగా వెళ్ళిపోయాడు. ఆ లేని ఇళ్ళు వచ్చి వార్డు కార్యదర్శి లిఖిత మెడకు చుట్టుకున్నాయి.

ఆ పిల్ల ఒక మధ్యాహ్నం ట్యాబు నెత్తికి గొడుగులా పెట్టుకుని, మంచినీళ్ళ కోసం మోకా భ్రమరాంబ గుమ్మం ఎక్కింది. గొడవంతా అక్కడే మొదలైంది.

భ్రమరాంబకు యాభై రెండేళ్ళు. ఆమె తండ్రి సత్తిరాజు ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో జానపద సినిమాలకు సెట్లు కట్టిన మేస్త్రి. మాంత్రికుల గుహలు, నాగరాజుల కొలువుకూటాలు, రాక్షసుల కోటలు ఆయన చేతి కింద లేచాయి. ఆ రకం సినిమాలు ఆగిపోయాక ఆయన ఊరికి తిరిగివచ్చి, అవే కట్టడాలను అరచేతిలో పట్టేంతగా చేస్తూ కూర్చున్నాడు. కూతురు పక్కన కూర్చుని గంజి కలిపింది, రంపపు పొడి జల్లించింది, తర్వాత ఉలి పట్టింది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఆమె చేసే ఇళ్ళ కోసం ఎక్కడెక్కడివాళ్ళో ఉత్తరాలు రాస్తారు. కొందరికి పుర్రె ఆకారంలో గుహ కావాలి. ఈమధ్య విదేశీ సినిమాలు చూసేవాళ్ళు పుట్టగొడుగు ఇల్లు కావాలంటారు, మేఘం మీద కోట కావాలంటారు. ఏదైనా చేస్తుంది. కిటికీ తెరుచుకోవాలి, తలుపుకు గడియ పడాలి, అదే ఆమె పట్టుదల.

ఆమె అమ్మకానికి పెట్టనిది ఒక్కటే. సత్తిరాజు చివరి మూడేళ్ళూ కూర్చుని చేసిన ఏడంతస్తుల మాయామహలు. ఎత్తు మూరెడు. నలభై తొమ్మిది కిటికీలు, ప్రతి కిటికీకీ గోరంత తెర. పై అంతస్తులో బందీగా ఉన్న రాకుమారి ఒక బియ్యపు గింజంత ఉంటుంది. ఆ గింజకు ముక్కుపుడక కూడా ఉంది.

లిఖిత సగం గ్లాసు తాగి చుట్టూ చూసింది. నాలుగు గోడలకూ అరలు, అరల నిండా ఇళ్ళు.

"ఇవన్నీ ఏంటండీ?"

"ఇళ్ళమ్మా."

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. "ఇళ్ళా? ఎన్నుంటాయండీ?"

"లెక్కెట్టలేదు. రెండొందలు దాటుంటాయి."

లిఖిత గ్లాసు కింద పెట్టి ట్యాబు తెరిచింది. ప్రభుత్వం వారి నిర్వచనం బయటికి చదివింది. 'ఇల్లు అనగా గోడలును, పైకప్పును, కనీసము ఒక తలుపును కలిగి, నిలకడగానున్న నిర్మాణము.' మళ్ళీ చదివింది. ఎంత పొడవుండాలో, ఎంత ఎత్తుండాలో ఎక్కడా లేదు. ఇల్లంటే ఇంత ఉంటుందని ఒకరికొకరు చెప్పుకోవలసి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"అమ్మగారూ," అంది గొంతు తగ్గించి, "సోమవారంలోగా రెండొందల పన్నెండు ఇళ్ళు చూపించకపోతే నన్ను సస్పెండ్ చేస్తారండి. ఇవి రాసుకోనా?"

భ్రమరాంబకు నవ్వొచ్చింది. పిల్ల మొహం చూస్తే నవ్వు ఆగిపోయింది. ఎండకు కమిలిపోయి ఉంది. "రాసుకో తల్లీ, వాటికేం పోయింది," అంది.

ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. మహలుతో కలిపి రెండు వందల పదకొండు వచ్చాయి. ఇంకొకటి కావాలి. బల్ల మీద తలుపు పెట్టని పుట్టగొడుగు ఒకటి ఉంది. జాలిపడి భ్రమరాంబ దానికి అప్పటికప్పుడు తలుపు అంటించింది. తన చేత్తో తనే.

ట్యాబు ఊరుకోలేదు. నివాసితుల వివరాలు ఇవ్వనిదే తర్వాతి పేజీకి పోనంది.

"ఈ గుహలో ఎవరుంటారండీ?"

"మాంత్రికుడు."

"పేరు?"

"ఉగ్రదంష్ట్రుడని రాసుకో."

"వృత్తి?"

"మంత్రాలేస్తాడు."

"స్వయం ఉపాధి," అని రాసింది లిఖిత. "సొంతిల్లా, అద్దెకా?"

"అసలా గుహ ఒక మునిదమ్మా. ఆయన్ని చిలకని చేసి వీడు దూరాడు."

లిఖిత వేలు గాల్లో ఆగింది. కాసేపు ఆలోచించి 'ఆక్రమణ' అన్నచోట నొక్కింది.

మహలు దగ్గరికి వచ్చేసరికి ఏడుగురు నివాసితులు తేలారు. రాకుమారి, ఆమెకు కాపలా నలుగురు రాక్షసులు, వాళ్ళకు వండిపెట్టే ముసలిది, అద్దంలో ఉండే ఒక మొహం. ఆ మొహానికి ఆధార్ సంఖ్య అడిగితే 'దరఖాస్తు చేసుకున్నారు' అని పెట్టేశారు. వయసు దగ్గర మాత్రం భ్రమరాంబ నిజాయితీగా మూడు వందల ఏళ్ళని చెప్పింది. దాంతో ఆ మొహానికి వృద్ధాప్య పింఛను అర్హత కూడా వచ్చింది.

సోమవారం వెళ్ళింది. లిఖిత ఉద్యోగం నిలిచింది. గురువారం నాడు పోస్ట్‌మ్యాన్ రెండు వందల పన్నెండు నోటీసులు ఒక గోనెసంచిలో వేసుకొచ్చి, "ఇంతమంది అద్దెకున్నారేంటండీ మీ ఇంట్లో?" అని అడిగాడు. ఆ వెనకాలే టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ప్రసన్నాంజనేయులు దిగాడు. పొట్టిగా, గుండ్రంగా, చేతిలో కొలటేపుతో ఉంటాడు. ఆయన మామూలు మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో ఆయన భార్యకే తెలియాలి.

"పై విషయమునకు సంబంధించి," అన్నాడు గుమ్మంలోనే, "మీ ఆధీనమునందలి రెండు వందల పన్నెండు గృహములలో ఒక్కదానికిని మరుగుదొడ్డి లేకపోవుట మా దృష్టికి వచ్చినది."

"అవి బొమ్మిళ్ళండి."

"ట్యాబునందు గృహములు. ట్యాబునందు ఒకసారి ఎక్కిన గృహమును తీసివేయు అవకాశము లేదు. ఉన్న గృహమును మెరుగుపరచుకొనవలెను. మన పట్టణము ఇంటింటా మరుగుదొడ్డి గల పట్టణముగా ప్రకటింపబడి ఉన్నది. మీ వలన ఆ ప్రకటన అబద్ధమగుచున్నది."

కొలటేపు తీసి ఒక్కొక్క ఇంటినీ కొలిచాడు. ఆ లెక్కను ట్యాబు మీటర్లలోనే తీసుకుంటుంది. అరమీటరు లోపు ఏది కొట్టినా సున్నా అవుతుంది. అంచేత రెండు వందల పన్నెండు ఇళ్ళకూ పొడవు సున్నా, వెడల్పు సున్నా, ఎత్తు సున్నా అని నమోదయింది. మహలు దగ్గర ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఎత్తు సున్నా మీటర్లు, అంతస్తులు ఏడు. ఏదో రాసుకున్నాడు గానీ పైకి ఏమీ అనలేదు. అనకపోవడమే భ్రమరాంబకు నచ్చలేదు.

అదే సమయానికి రిటైర్డ్ రైల్వే గార్డు ఇమ్మానుయేలు వచ్చాడు. ఆయన దగ్గర భ్రమరాంబ చేసిన ఇళ్ళు ముప్పై ఒకటి ఉన్నాయి. ముప్పై రెండోదిగా ఉగ్రదంష్ట్రుడి గుహ ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. దాన్ని పాత పంచెలో చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే ప్రసన్నాంజనేయులు అడ్డుపడ్డాడు.

"ఆగుడు. ఏమిది?"

"గుహండి. మా ఇంటికి పట్టుకెళ్తున్నాను."

"మీ ఇల్లెక్కడ?"

"నాలుగో వార్డు."

"తొమ్మిదవ వార్డునందలి స్థిరాస్తిని నాలుగవ వార్డునకు చేతిసంచిలో తరలించుచున్నారు! స్థిరాస్తి అనగానేమి? కదలనిది. కదలని దానిని కదిలించుట ఎంతటి నేరమో తెలియునా? పైగా అందు నివాసి ఉన్నాడు. అది కిడ్నాపు కూడా కావచ్చును."

ఇమ్మానుయేలు ముప్పై నాలుగేళ్ళు పచ్చజెండా ఊపినవాడు. ఎర్రజెండా కనిపిస్తే ఆగిపోవడం ఆయన రక్తంలో ఉంది. మాట్లాడకుండా గుహను తీసి అరలో పెట్టేశాడు. బయటికెళ్ళాక మాత్రం వీధి చివరిదాకా గొణుక్కుంటూ పోయాడు.

భ్రమరాంబకు అమ్మకాలు అక్కడితో ఆగిపోయాయి. అరల్లోంచి ఇల్లు కదిలితే నేరం. సరే, పోనీలే అని మరుగుదొడ్లు చెయ్యడానికి కూర్చుంది. చింతగింజంత బేసిను, ఈనెపుల్లంత గొట్టం. చేస్తే సరిగా చెయ్యాలి కాబట్టి నాగరాజు కొలువుకు పడగ ఆకారంలో చేసింది, మేఘం మీద కోటకు గొట్టం ఎక్కడికి వదలాలో తెలియక రెండు రోజులు మథనపడింది. నెలన్నర పట్టింది. ప్రతిదానికీ ఫోటో కావాలన్నారు. ఫోటోలో నివాసి కూడా పక్కన నిలబడి ఉండాలన్నారు. మాంత్రికుణ్ణి గుహలోంచి తీసి దొడ్డి పక్కన నిలబెడితే, వాడి మొహంలో క్రౌర్యం పోయి ఏదో తొందర కనిపించింది.

ఇమ్మానుయేలు చూడ్డానికి వచ్చి తల పట్టుకున్నాడు. "మనిషిని చిలకని చేసేవాడికి ఇది కూడా కట్టాలా భ్రమరమ్మా? వాడు మాయమైపోయి ఎక్కడికైనా ఎల్లి రాలేడా?"

"బహిరంగం నిషేధమంట గార్డుగారూ. మాయమై ఎల్లినా తప్పేనంట. అడిగాను."

మరుగుదొడ్లు అయ్యాయి కదా అని ఊపిరి తీసుకునేలోపు మహలు మీద ఉత్తర్వు వచ్చింది. భ్రమరాంబ వీధి వెడల్పు ఇరవై అడుగులు. అంత వీధిలో మూడంతస్తులకు మించి కట్టరాదు. ఏడంతస్తులున్న నిర్మాణంలో పై నాలుగూ అనధికారికం. కావున కూల్చివేయబడును.

ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె మహలు పై కిటికీలు ఒక్కొక్కటే తెరిచి చూసింది. పై నాలుగు అంతస్తులంటే నాన్నకు చూపు మందగించాక చేసినవి. చేతులతో తడుముకుంటూ చేశాడు. కింది మూడింటి కంటే అవే బాగుంటాయి.

మర్నాడు పది గంటలకు జేసీబీ వచ్చింది. వీధి మలుపులో ఒక కరెంటు స్తంభాన్ని వంచి, ఒక చేతిపంపును పెకిలించి, భ్రమరాంబ ప్రహరీ ముందు ఆగింది. జనం పోగయ్యారు. డ్రైవరు సన్యాసి కిందికి దిగి చుట్టూ చూశాడు.

"ఎక్కడ సార్ బిల్డింగు?"

"లోపల. బల్ల మీద," అన్నాడు ప్రసన్నాంజనేయులు.

సన్యాసి లోపలికెళ్ళి చూసి వచ్చాడు. తన బండి ముందున్న బకెట్ పళ్ళు చూసుకున్నాడు. ఒక్కొక్క పన్నూ మహలంత ఉంది.

"పై నాలుగంతస్తులు మాత్రమే తీయవలెను. కింది మూడింటికి గీత కూడా పడరాదు. అవి సక్రమ నిర్మాణములు," అన్నాడు ప్రసన్నాంజనేయులు.

"సార్, ఇది దెబ్బేత్తే ఆ ఇల్లు, ఈ ఇల్లు, పక్కిల్లు కూడా ఉండవండి. కత్తెరుంటే పట్రమ్మనండి."

"ఉత్తర్వునందు జేసీబీ అని ఉన్నది. కత్తెర అని లేదు."

భ్రమరాంబ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఏమనాలో ముందుగా అనుకోలేదు, నోటికి వచ్చింది అనేసింది. "అందులో ఏడుగురు మనుషులున్నారండి. మీ ట్యాబే చెప్తంది. వాళ్ళకి నోటీసులిచ్చారా?"

ప్రసన్నాంజనేయులు ఆగిపోయాడు. ట్యాబు చూశాడు. నిజమే, ఏడుగురు. నివాసితులకు విడివిడిగా నోటీసు ఇవ్వనిదే నివాసగృహం మీద చెయ్యి వెయ్యకూడదు. ఆయన చట్టాన్ని తప్పే మనిషి కాదు. అక్కడే బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పై అంతస్తు కిటికీలోకి నోరు పెట్టి, రాకుమారికి నోటీసు గట్టిగా చదివి వినిపించాడు. ఆమె సంతకం పెట్టలేదు. "స్వీకరించుటకు నిరాకరించినది," అని రాసుకున్నాడు. నిరాకరిస్తే గోడకు అంటించాలి. కాగితం మహలు కంటే పెద్దది. అంటించేసరికి మహలంతా కాగితం కింద మాయమైపోయింది.

"ఇంక ఏం కూల్చాలండీ? కనపళ్ళేదు," అన్నాడు సన్యాసి.

అప్పుడే ప్రసన్నాంజనేయులు ఫోను మోగింది. కమిషనరు. ఆయన నిటారుగా లేచి, ఫోనుకే నమస్కారం పెట్టి, "చిత్తం సార్, చిత్తం సార్," అని తొమ్మిదిసార్లు అన్నాడు. తర్వాత భ్రమరాంబ వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మామూలు భాషలో, "అమ్మా, మిమ్మల్ని కారులో తీసుకురమ్మన్నారు," అన్నాడు.

కమిషనరు త్రివిక్రమరావు పొడుగాటి మనిషి. గదిలో ఆయన వెనక గోడ మీద కొత్త జ్ఞాపిక ఒకటి మెరుస్తోంది. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ నివాస వార్డుగా పాలంకిపేట తొమ్మిదో వార్డు ఎంపికైంది. నూటికి నూరు శాతం మరుగుదొడ్లు, నూటికి నూరు శాతం ఫోటోలు, రెండు వందల పన్నెండు ఇళ్ళ నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు.

"అమ్మా, మీరు చేసినది బొమ్మలు కావు, విప్లవం," అన్నాడాయన. "పేదల గృహాల పథకంలో ఆరు వందలమంది లబ్ధిదారులు తొమ్మిదేళ్ళుగా వేచి ఉన్నారు. స్థలం లేదు. ఇసుక లేదు. కానీ మీ పద్ధతిలో ఆరు వందల ఇళ్ళు ఒక బీరువాలో పడతాయి! నిర్వచనం ప్రకారం ప్రతీదీ ఇల్లే. పద్దెనిమిదో తారీకున మంత్రిగారి చేతుల మీదుగా పంపిణీ."

భ్రమరాంబకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి జరిగింది. "మనుషులకా అండీ?"

"లబ్ధిదారులకు," అని సరిచేశాడు కమిషనరు. "మీ మహలు విషయం కూడా సానుభూతితో పరిశీలిస్తాం. ఏడంతస్తులూ క్రమబద్ధీకరించేస్తాం. మీరు సహకరించకపోతే, జేసీబీ మీ వీధిలోనే ఉంది. వెనక్కి తిరగడానికి దానికి చోటు కూడా లేదుట."

ఇంటికి వచ్చి ఒక నమూనా చేసింది. చెప్పుల పెట్టె అంత ఇల్లు, ఒక గది, ఒక వసారా. తలుపు నాలుగు అంగుళాలు. తండ్రి నేర్పినట్టే గంజి, రంపపు పొడిలో జనపనార కలిపి, సరుగుడు చెక్క లోపల పెట్టి, రెండు చీలలతో బిగించి, రాయిలా కట్టింది. పని చేస్తున్నంతసేపూ మహలు వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లి నూకాలమ్మ వచ్చింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఆ వీధి తిరిగే మనిషి. కాలవగట్టు మీద పరదా పట్టాల కింద కాపురం. లబ్ధిదారుల జాబితాలో మొదటి పేరు ఆమెదే. గంప దింపి, గుప్పెడు ఎండురొయ్యలు తీసి అరుగు మీద పెట్టింది.

"మా ఇల్లు నువ్వే కడతన్నావంట గదమ్మా! సెప్పనేలేదు. గంపెట్టుకోడానికి అరుగేయించు. వానొస్తే సేపలన్నీ బూజట్టేత్తన్నాయి."

భ్రమరాంబ లోపలికెళ్ళి నమూనా తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

నూకాలమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. తలుపు తీసి వేసింది. మురిసిపోయింది. "ఎంత ముద్దుగుందో! అచ్చం ఇలాగే కడతావా?"

"ఇదే, నూకాలూ."

"ఇదంటే?"

"నీకిచ్చేది ఇదే. ఇదే ఇల్లంట."

నూకాలమ్మ గట్టిగా నవ్వింది. భ్రమరాంబ నవ్వలేదు. నూకాలమ్మ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గి ఆగిపోయింది. ఇంటిని అరుగు మీద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"తొమ్మిదేళ్ళు తిరిగానమ్మా," అంది. "ఇందులో నా కాలు కూడా పట్టదు." గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. రొయ్యలు మాత్రం తిరిగి తీసుకోలేదు.

రెండో ఇల్లు మొదలుపెట్టడానికి భ్రమరాంబకు చేతులు రాలేదు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. అయిదో రోజు చీర మార్చుకుని కమిషనరు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నావల్ల కాదండి. మహలు పడగొట్టుకుంటే పడగొట్టుకోండి."

ఆ మాట అనడానికి దారంతా అభ్యాసం చేసింది. కమిషనరు మాత్రం నవ్వాడు.

"ఎన్ని చేశారు?"

"ఒకటే."

"చాలును. ఫోటోలో ఒకటే పడుతుంది. మిగతావి దశలవారీగా. మహలు సంగతి పంతొమ్మిదో తారీకున చూద్దాం."

పద్దెనిమిదో తారీకు ఉదయం పది గంటలకు పురపాలక కార్యాలయం ముందు షామియానా వేశారు. వేదిక మీద ఎర్ర తివాచీ, తివాచీ మీద పీట, పీట మీద ఇల్లు. ఇంటికి మామిడాకుల తోరణం కట్టారు. ఆకు ఒక్కటే పట్టింది. పురోహితుడు కాఫీ గ్లాసులో పాలు పొంగించాడు. మంత్రిగారు గంధం, సెంటు కలిసిన వాసనతో దిగారు. పథకం గురించి అరగంట మాట్లాడి, మొదటి లబ్ధిదారుగా నూకాలమ్మను పిలిచి, మూరెడు అట్టముక్క తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

"తల్లీ, నీ సొంతింటి కల ఈనాటికి నెరవేరింది. ఎలా ఉంది?"

మైకు ఆమె నోటి ముందు పెట్టారు. నూకాలమ్మ గంప దింపకుండానే నిలబడింది. ఇంటికేసి చూసింది, మంత్రిగారికేసి చూసింది.

"బాబుగోరూ, కొత్తింట్లోకి ముందు పెద్దోళ్ళు కుడికాలెట్టి ఎల్తే మంచిదండి. తవరొకపాలి ఎల్లి రండి. తవరి ఎనకాల నేనెల్తాను."

జనం చప్పట్లు కొట్టారు. కెమెరాలు తిరిగాయి. మంత్రిగారికి రాజకీయాల్లో ముప్పై ఏళ్ళ అనుభవం. కెమెరా ముందు ఏదడిగినా కాదనకూడదన్నది ఆయన నియమం. కుడికాలు చెప్పు విప్పి, పట్టుపంచె ఎత్తి పట్టుకుని, చిరునవ్వుతో బొటనవేలు తలుపులో పెట్టారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఉత్సాహం కొద్దీ ఇంకొంచెం తోశారు. పాదం సగానికి దిగి బిగుసుకుంది.

వెనక్కి లాగారు. రాలేదు. ఇల్లు పాదంతోపాటు లేచింది. చిరునవ్వు అలాగే ఉంచి, పళ్ళ మధ్య నుంచి, "తియ్యండయ్యా," అన్నారు.

ఇద్దరు గన్‌మన్లు ఇంటిని పట్టుకున్నారు. ప్రసన్నాంజనేయులు ఎగిరి అడ్డం వచ్చాడు.

"పగలగొట్టరాదు! పూర్తయిన ప్రభుత్వ గృహము! ప్రభుత్వ గృహమైనచో కూల్చివేతకు ఏడు రోజుల నోటీసు తప్పనిసరి. పైగా నివాసి లోపలనుండగా..."

"ఎవడయ్యా నివాసి?"

లిఖిత ట్యాబు చూపించింది. ఫోటోతో సహా ఎక్కిపోయింది. "గృహంలో ప్రవేశించినవారు తమరేనండి. తమరు ఇప్పుడు తొమ్మిదో వార్డులో ఉంటున్నట్టు వచ్చిందండి. తీసెయ్యడానికి దీంట్లో బొత్తాం లేదండి."

మంత్రిగారు ఒంటికాలి మీద కమిషనరు భుజం పట్టుకుని నిలబడ్డారు. వేలు వాస్తోంది. "ఎవరు కట్టారిది?" అని అరిచారు. వెనక వరసలో కూర్చున్న భ్రమరాంబను జనం చేతులు పట్టి ముందుకు తోశారు.

ఆమె వంగి చూసింది. రెండు చీలలు లాగితే ఇల్లు నాలుగు ముక్కలుగా విడిపోతుంది. చెయ్యి చాచబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆమె జీవితంలో అంతమంది ముందు మాట్లాడింది లేదు. అయినా మైకు అక్కడే ఉంది.

"తియ్యడం రెండు నిమిషాల పనండి. కానీ ఇది ఇల్లంటున్నారు కదండీ. ఇల్లయితే నేను ముట్టుకోకూడదు, నోటీసివ్వాలి. ఇది బొమ్మని ఎవరైనా రాసిస్తే ఇప్పుడే తీసేస్తాను."

"బొమ్మే!" అన్నారు మంత్రిగారు. "బొమ్మే! రాయవయ్యా త్రివిక్రమరావూ!"

"సార్, ఇది బొమ్మ అయితే ఆ రెండు వందల పన్నెండూ బొమ్మలే అవుతాయి. జ్ఞాపిక వెనక్కిచ్చెయ్యాలి సార్."

"నా కాలు నీలమైపోతోందయ్యా!"

"అయితే నిర్వచనమే మార్చాలి సార్."

"మార్చు!"

వేదిక మీదే, మైకు ముందే, పాలంకిపేట పురపాలక సంఘం చరిత్రలో అతి వేగంగా ఒక ఉత్తర్వు తయారైంది. ప్రసన్నాంజనేయులు చెప్పగా లిఖిత రాసింది. 'ఇల్లు అనగా ఎదిగిన మనిషి నిటారుగా ప్రవేశించి, నిటారుగా నిలబడగలిగిన నిర్మాణము. తక్కినవి ఇళ్ళు కావు.' రాశాక ఆయనకు సందేహం వచ్చింది.

"ఎదిగిన మనిషి అనగా ఎంత? కొలత లేనిదే ఉత్తర్వు చెల్లదు."

"ఎవరో ఒకరు! అదిగో ఆవిడ!" అన్నారు మంత్రిగారు, ఎదురుగా కనిపించిన నూకాలమ్మను చూపించి.

"గంపతోనా, గంప లేకనా?"

"నేను ఇంటికెల్లేది గంపతోనే గదండీ," అంది నూకాలమ్మ.

అలాగే రాశారు. మంత్రిగారు ఒంటికాలి మీద ఊగుతూ సంతకం పెట్టారు. సిరా ఆరకముందే భ్రమరాంబ చీలలు లాగింది. ఇల్లు నాలుగు ముక్కలై తివాచీ మీద పడింది. మంత్రిగారి పాదం ఫోటో, పక్కనే నిలబడ్డ నూకాలమ్మతో సహా, మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది.

ఆ సాయంత్రమే లిఖిత ట్యాబులో కొత్త బొత్తాం ఒకటి మొలిచింది. రెండు వందల పన్నెండు ఇళ్ళు ఒక్కొక్కటే బొమ్మలైపోయాయి. ఉగ్రదంష్ట్రుడు స్వయం ఉపాధి కోల్పోయాడు. భ్రమరాంబ గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి, ఏడంతస్తుల మీదా అంటుకున్న నోటీసును కిటికీ కిటికీకీ తడిపి తీసింది. ఒక తెర ఊడివచ్చింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఆ పని అయ్యాక గదిలో కూర్చుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కాసేపు ఏడ్చింది.

నూకాలమ్మ పేరు పత్రికల్లోకి ఎక్కింది కాబట్టి ఆమె ఇంటికి వారం తిరగకుండానే పునాది తవ్వారు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఉత్తర్వు ఉత్తర్వే. దాన్ని పట్టణమంతటా అమలు చెయ్యాలి. ఉప్పుమళ్ళ అవతల రెండేళ్ళ కిందట ప్రభుత్వం కట్టించి, రిబ్బను కత్తిరించిన కాలనీ ఒకటి ఉంది. మూడు వందల ఎనభై ఎనిమిది ఇళ్ళు. వాటిని కొత్త నిర్వచనం ప్రకారం తనిఖీ చెయ్యమని పైనుంచి తాఖీదు వచ్చింది. కొలబద్దగా నూకాలమ్మను పిలిపించారు. భ్రమరాంబ కూడా చూడ్డానికి వెళ్ళింది.

నూకాలమ్మ గంప నెత్తిన పెట్టుకుని మొదటి ఇంటి గుమ్మంలోకి నడిచింది. గంప ద్వారబంధానికి తగిలి ఆగింది. ప్రసన్నాంజనేయులు కొలవనవసరం లేకుండా తల ఊపాడు. లిఖిత బొత్తాం నొక్కింది. ఇల్లు పోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, కొంచెం వంగితే ఎల్లిపోద్ది గదా!"

"నా ఇంటికి నేనెందుకొంగాలయ్యా?" అని ఆమె ముందుకు సాగింది.

మధ్యాహ్నానికి తొంభై నాలుగు ఇళ్ళు బొమ్మలయ్యాయి. కమిషనరు కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. త్రివిక్రమరావు దిగి చేతులు జోడించాడు.

"నూకాలమ్మగారూ, ఒక్కసారి గంప నాకివ్వండి. నేను పట్టుకుంటాను. మీరు చేతులూపుకుంటూ హాయిగా లోపలికి వెళ్ళండి."

నూకాలమ్మ భ్రమరాంబ వైపు చూసింది. భ్రమరాంబ భుజాలు ఎగరేసింది. నూకాలమ్మ గంప దింపి ఆయన చేతుల్లో పెట్టింది. ఎండుచేపల ఉప్పు, పొలుసులు ఆయన తెల్లచొక్కా మీద రాలాయి. ఆయన పట్టించుకోలేదు, కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. నూకాలమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కొప్పు ముడేసుకుని, వీపు నిటారుగా పెట్టి, తొంభై అయిదో ఇంట్లోకి కుడికాలు పెట్టింది.

నుదురు ద్వారబంధానికి ఠపీమని తగిలింది.